ట్రంకు పెట్టెలో ఫోను

(సంక్షేమ శాఖలో పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ స్మృతిలో గురుకులాల ఉపాధ్యాయులు, వార్డెన్లు జరుపుకున్న సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



శంకరన్ గారు 2010 అక్టోబరు 7న కన్నుమూశారు. దానికి ముందు రోజే, అక్టోబరు 6న, అమెరికాలో ఇన్‌స్టాగ్రామ్ అనే యాప్ విడుదలైంది. ఈ రెండు తేదీలకూ సంబంధమేమీ లేదు, నేను కల్పించబోవడమూ లేదు. ఆయన పేరు మీద హాస్టల్ పిల్లల గురించి మాట్లాడమని మీరు అడిగాక ఈ తేదీలు పక్కపక్కన కంటపడ్డాయి, అంతే. ఆయన ఎరిగిన హాస్టల్ కష్టాలు వేరు. ముక్కిన బియ్యం, కారే కప్పు, దుప్పటి లేని చలికాలం, నెలల తరబడి రాని కాస్మెటిక్ చార్జీలు. అవి పూర్తిగా పోలేదని నాకన్నా మీకే బాగా తెలుసు. వాటి పక్కన ఇంకొకటి వచ్చి చేరింది. ఆయనే ఉంటే దానికి ఏం చేసేవారో చెప్పే సాహసం చెయ్యను. పోయినవాళ్ళ నోట్లో మన మాటలు పెట్టడం స్మారక సభల్లో మనకు బాగా అలవాటైన అమర్యాద. ఆయన బతికిన తీరు నుంచి ఒక్కటి మాత్రం అరువు తెచ్చుకుంటాను: అధికారం ఉన్నవాడు కిందికి వెళ్ళి, బాధ పడుతున్నవాడి పక్కన కూర్చుని, ముందు వినాలి.

గురుకులాల కథ మీకు కొత్త కాదు కనుక గబగబా చెబుతాను. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది మొదలైంది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళి. ఆయనే ఢిల్లీలో విద్యాశాఖ చూస్తున్నప్పుడు, 1986 జాతీయ విద్యా విధానం రోజుల్లో, నవోదయ విద్యాలయాలు రూపుకట్టాయి. అదే దశాబ్దంలో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి, వాటి వెనుక శంకరన్ గారి పట్టుదల ఉంది. 2004లో కస్తూర్బా బాలికా విద్యాలయాలు. తెలంగాణ ఏర్పడ్డాక బీసీ, మైనారిటీ గురుకులాలు పెద్ద ఎత్తున తెరిచారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న పిల్ల.

వీటన్నిటి వెనుకా ఉన్న నమ్మకం ఒకటే. పిల్లను ఊరి కులం నుంచి, కూలి పని నుంచి, చిన్ననాటి పెళ్ళి నుంచి దూరంగా తెచ్చి నాలుగు గోడల మధ్య అన్నం పెట్టి చదివిస్తే బాగుపడుతుందని. బాగుపడ్డారు. ఈ సభలో కూర్చున్నవాళ్ళలో చాలామంది అలా వచ్చినవాళ్ళే. గోడ తన పని చేసింది. ఇప్పటికీ చేస్తోంది. కానీ ఇప్పుడు వస్తున్న మనిషి గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి రావడం లేదు.

ఆ మనిషి గురించి చెప్పేముందు మన గురించి చెప్పాలి. పిల్లల ఆన్‌లైన్ భద్రతకు మన హాస్టళ్ళలో ఇవాళ ఉన్న విధానం ఏమిటి? ట్రంకు పెట్టెల తనిఖీ. అంతే. ఫోను దొరికితే తీసుకోవడం, ప్రేయర్‌లో అందరి ముందూ నిలబెట్టడం, తల్లిదండ్రులను పిలిపించడం, టీసీ ఇస్తామనడం. కొన్నిచోట్ల ఫోనును రాయి పెట్టి అక్కడే పగలగొడతారు. కబురు అందుకున్న తండ్రి ఆ రోజు కూలి మానుకుని, బస్సు చార్జీలు అప్పు తెచ్చుకుని వస్తాడు. ఫోను విలువ, కూలి, చార్జీలు, పరువు అన్నీ కలిపి ఇంటికి తీసుకెళ్తాడు. పిల్లాడు నేర్చుకునేది ఒక్కటే, ఈసారి ఇంకా బాగా దాచాలని.

దాచడంలో మన పిల్లలు ఘనులు. పరుపు కుట్టు విప్పి లోపల పెడతారు. లావుపాటి గైడు మధ్య పేజీలు కోసి గుంట చేస్తారు. బాత్‌రూమ్ వెంటిలేటర్ మీద, శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్లో, ఒక్కోసారి వంటమనిషి సంచిలో. చార్జింగు కంప్యూటర్ ల్యాబులో, ఇన్వర్టర్ పక్క ప్లగ్గులో. సిమ్ ఎవరో అన్నయ్య పేరు మీద ఉంటుంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి, హాస్టల్లో దాచిన ఫోను ఎప్పుడూ ఒక్కరిది కాదు. ఒక ఫోనుకు పదిమంది. ఒకే ఖాతాలో పదిమంది మాటలు, పదిమంది ఫోటోలు, అందరికీ తెలిసిన పాస్‌వర్డు. ఫోను ఎవరిదో ఆ పెద్ద తరగతి పిల్లాడే అక్కడ చిన్న దొర. పావుగంట వాడుకోనిచ్చినందుకు రేపటి గుడ్డు, ఆదివారం చికెన్ ముక్క, ఇంటి నుంచి వచ్చిన అరిసెలు. మాట వినకపోతే చిన్నవాడి ఫోటో ఏదో తన దగ్గర ఉందని గుర్తు చేస్తాడు. బయటివాడి బెదిరింపు రాకముందే బెదిరింపు అనే విద్య డార్మిటరీలోనే మొదలవుతుంది.

నేను ఫోన్లు ఇచ్చెయ్యమనడం లేదు. పదేళ్ళ పిల్ల, పదమూడేళ్ళ పిల్లాడు రాత్రి పదకొండు గంటలకు దుప్పటి కింద ఇన్‌స్టా రీల్స్ చూడటంలో మంచి ఏదీ నాకు కనబడలేదు. నిద్ర పోతుంది, పొద్దున పీటీ పోతుంది, మొదటి పీరియడ్ పోతుంది. హాస్టల్లో ఫోను ఉండకూడదనే నియమంతో నాకు పేచీ లేదు. ఆ నియమాన్ని తప్పినందుకు వేసే శిక్ష ఎంత పెద్దదైతే, తప్పినవాడి రహస్యం అంత బరువెక్కుతుంది. ఆ బరువును ఎవరు వాడుకుంటున్నారన్నదే నా గొడవ.

అసలు ఈ ఫోను పిల్లల చేతికి ఎలా వచ్చిందో మరిచిపోయాం. 2020 మార్చిలో హాస్టళ్ళు మూసి పిల్లలను ఇళ్ళకు పంపాం. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టి, వాట్సాప్‌లో హోంవర్కు పంపమన్నాం. ఇంట్లో స్మార్ట్‌ఫోను లేకపోతే కొనమని ఫోన్ చేసి చెప్పింది మనమే. మేక అమ్మి కొన్నవాళ్ళున్నారు, డ్వాక్రా అప్పులో కొన్నవాళ్ళున్నారు. అది చదువు సామాను కింద ఇంట్లోకి వచ్చింది. హాస్టళ్ళు తెరిచాక అదే వస్తువు దొంగసొత్తు అయింది. మధ్యలో ఒక్క పాఠమైనా చెప్పామా? దీన్ని ఎలా వాడాలి, దీనిలో ఎవరొస్తారు, వస్తే ఏం చెయ్యాలి అని? సిలబస్‌లో లేదు కాబట్టి చెప్పలేదు.

సెలవుల సంగతి చూడండి. దసరా, సంక్రాంతి, వేసవి. నెలల తరబడి ఫోను ముట్టని పిల్ల ఒక్కసారిగా రోజంతా ఫోనుతో ఉంటుంది. "ఇంటికొచ్చినా మొహం ఫోన్లోనే" అని తల్లి ఏడుస్తుంది. ఆ తల్లికి నేను చెప్పే మాట ఇది: మీ అమ్మాయి అయిదో తరగతిలోనే ఊరు వదిలిందమ్మా. ఊళ్ళో ఆమెకు స్నేహితులు లేరు. ఈడువాళ్ళు వేరే బడిలో, వేరే మాటల్లో పెరిగారు. ఆమె మనుషులంతా నాలుగు మండలాల్లో చెల్లాచెదురుగా ఉన్న హాస్టల్ పిల్లలు. వాళ్ళు ఉన్నది ఆ ఫోన్లోనే. హాస్టల్లో ఇంటి మీద బెంగ, ఇంట్లో హాస్టల్ మీద బెంగ. ఈ రెండో బెంగ గురించి మనం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ సెలవుల్లోనే ఖాతాలు తెరుచుకుంటాయి. నాన్న నంబరుతో, తప్పు పుట్టినతేదీతో. పదమూడేళ్ళు నిండాలన్న నిబంధనకు పదకొండేళ్ళ పిల్ల ఒక్క అంకె మార్చి జవాబు చెబుతుంది. జూన్‌లో పెట్టె సర్దుకుని మన దగ్గరికి వచ్చేస్తుంది, ఖాతా మాత్రం అక్కడే తెరిచి ఉంటుంది. ఇంట్లో ఉండే పిల్లకూ హాస్టల్ పిల్లకూ ఉన్న పెద్ద తేడా ఇక్కడే. తన ఫోటోతో అక్కడ ఏం జరుగుతోందో, తన పేరు మీద ఎవరు ఎవరికి ఏం పంపుతున్నారో చూసే దారి కూడా హాస్టల్ పిల్లకు లేదు. నెల తర్వాత ఎవరో చెబితే తెలుస్తుంది. ఆ నెలంతా స్టడీ అవర్‌లో పుస్తకం ముందు పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చునే పిల్లను మనం బద్ధకమంటాం.

ఇక బయటి మనిషి. అతడు చాలా ఓపిక గలవాడు. మొదటి రోజు ఏమీ అడగడు. గేమ్ ఆడుతూ చాట్‌లో కలుస్తాడు, లేదా స్నేహితురాలి స్నేహితుణ్ణంటూ రిక్వెస్టు పెడతాడు. ఫోటోలో తన ఈడు అబ్బాయి ఉంటాడు. "తిన్నావా" అంటాడు. నాలుగు వందలమంది ఉన్న హాస్టల్లో ఆ మాట అడిగేవాళ్ళు ఎంతమంది? తర్వాత "హాస్టలా? ఈ ఫోన్ ఎవరిది? ఎవరికైనా తెలుసా?" అంటాడు. ఈ మూడు ప్రశ్నల్లో అతడికి కావలసింది మొత్తం దొరికిపోతుంది. పక్కన పెద్దవాళ్ళు లేరు, ఫోను దొంగచాటుది, చెప్పుకునే దిక్కు లేదు. మాటలు ఇంకో యాప్‌లోకి మారతాయి. ఒక ఫోటో అడుగుతాడు, తర్వాత ఇంకోటి. మగపిల్లల విషయంలో ఇదంతా ఒక్క రాత్రిలో అయిపోతుంది. అమ్మాయి పేరుతో వీడియో కాల్ వస్తుంది, పిల్లాడు చేసింది రికార్డు అవుతుంది, పావుగంటలో డబ్బు అడుగుతారు. అబ్బాయిలకు ఇలాంటివి జరగవన్న భ్రమ మనలో చాలామందికి ఉంది. వాళ్ళు అమ్మాయిలకన్నా తక్కువగా చెప్పుకుంటారు, అంతే తేడా.

బెదిరింపు మొదలయ్యాక అతడు రాసే మాటను మీరు జాగ్రత్తగా చదవాలి. "డబ్బు పంపకపోతే మీ ప్రిన్సిపాల్‌కు పెడతా. మీ నాన్నకు పెడతా." ఈ మాటలో భయం ఎక్కడుందో చూడండి. ఆ పిల్ల భయపడుతున్నది ముక్కూమొహం తెలియని అతడికి కాదు. అతడు ఎవరికి పంపుతానంటున్నాడో వాళ్ళకు. అంటే మనకు. ప్రేయర్‌లో నిలబెట్టే సార్‌కు, టీసీ కాగితానికి, చదువు మాన్పించి పెళ్ళి చేసే నాన్నకు. అతడి చేతిలో ఉన్న కత్తి మనం పదును పెట్టి ఇచ్చిందే. పిల్ల తిన్నగా వచ్చి "సార్, ఇలా జరిగింది" అని చెప్పగలిగిన చోట అతడి వ్యాపారం ఆ నిమిషంలోనే మూతపడుతుంది. ఎవరికి పంపుతానని బెదిరించాడో వాళ్ళకు ముందే తెలిసిపోయాక అమ్మడానికి అతడి దగ్గర ఇంకేముంది?

చెప్పాక చెయ్యాల్సింది కష్టమైన పని కాదు. డబ్బు కట్టకూడదు, కట్టిన కొద్దీ అడుగుతారు. కంగారులో చాట్ చెరిపెయ్యకూడదు, అదే సాక్ష్యం. అవతలి ఖాతా పేరు, నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని తర్వాత బ్లాక్ చెయ్యాలి. అశ్లీల చిత్రాన్ని మాత్రం సాక్ష్యం పేరుతో ఇంకొకరికి ఫార్వర్డ్ చెయ్యకూడదు. వార్డెన్ ప్రిన్సిపాల్‌కు, ప్రిన్సిపాల్ పైఅధికారికి పంపుతూ పోతే ఐటీ చట్టం 67బి కింద అది నేరమే అవుతుంది. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. పిల్లల ఆపదకు 1098 ఉంది. పద్దెనిమిదేళ్ళ లోపు తీసిన ఫోటోలు బయటికి పోకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఒకటి ఉంది. అది ఫోటోను తీసుకోదు. ఫోను లోపలే ఆ ఫోటోకు వేలిముద్ర వంటి ఒక సంకేతం తయారు చేసి, దాన్ని మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి కంపెనీలకు ఇస్తుంది. అదే ఫోటోను ఎవరైనా అక్కడ పెడితే వాళ్ళు గుర్తుపట్టి తీసేస్తారు. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్ళేవాటిని అది ఆపలేదు, ఆ సంగతి పిల్లకు నిజాయితీగా చెప్పాలి. నగ్నచిత్రం, మార్ఫింగ్ చిత్రం మీద బాధితులు ఫిర్యాదు చేస్తే గంటల వ్యవధిలోనే తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు కంపెనీలకు చెప్పాయి.

పోలీసు అనగానే మన ప్రిన్సిపాళ్ళకు బడి పేరు గుర్తొస్తుంది. "ఇక్కడే సర్దుకుందాం" అంటారు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళెవరైనా చెప్పి తీరాలి. దాచితే ఆరు నెలల దాకా జైలు, తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచితే ఏడాది దాకా. అదే చట్టం 24వ సెక్షన్ గురించి ఎక్కువమందికి తెలియదు. పిల్ల వాంగ్మూలం ఆమె ఉండే చోటనో ఆమె కోరిన చోటనో తీసుకోవాలి. సాధ్యమైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, ఆ సమయంలో యూనిఫారంలో ఉండకూడదు. ఏ కారణంతోనూ రాత్రి స్టేషన్లో ఉంచకూడదు. ఈ నాలుగు ముక్కలు పిల్లకు ముందే తెలిస్తే పోలీసు స్టేషన్ అన్న మాటకు సగం భయపడదు.

ఇంతవరకూ పిల్లల ఫోన్లు. ఇప్పుడు మన ఫోన్లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, విసుక్కోకండి.

పొద్దున ఇడ్లీ వడ్డిస్తే ఫోటో. మొక్క నాటితే ఫోటో. ఆరోగ్య పరీక్ష చేస్తే పిల్ల నాలుక చాపి ఉన్న ఫోటో. "వెంటనే గ్రూపులో పెట్టండి" అని పైనుంచి మెసేజ్. వార్డెన్ మండలం గ్రూపులో పెడతాడు, అది జిల్లా గ్రూపుకు, అక్కడి నుంచి రాష్ట్ర గ్రూపుకు వెళ్తుంది. ఎవరో సార్‌కు ఆ ఫోటో ముచ్చటగా ఉండి స్టేటస్ పెట్టుకుంటాడు. పిల్ల ముఖం, తరగతి, బడి పేరు, కొన్నిసార్లు ఊరు కూడా. ముఖం ఒక్కటి దొరికితే చాలు, బట్టలు లేని బొమ్మ తయారు చేసే కృత్రిమ మేధ యాప్‌లు ఇవాళ ఎవరి ఫోనులోనైనా పనిచేస్తాయి. పిల్లను ఫోటోలు పెట్టుకోవద్దని తిట్టే మనమే ఆమె ఫోటోలను ఆమెకన్నా ఎక్కువమందికి పంచుతున్నాం. ఒక్కరైనా "అమ్మా, నీ ఫోటో పెట్టనా" అని అడగగా నేను వినలేదు.

ర్యాంకుల ఫ్లెక్సీల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ప్రైవేటు కార్పొరేట్ కాలేజీలు నేర్పిన విద్య అది, మనమూ బాగానే వంటబట్టించుకున్నాం. పైగా మన ఫ్లెక్సీల్లో "రిక్షా కార్మికుడి కుమార్తె", "పాచిపని తల్లి బిడ్డ" అని తండ్రి పని, తల్లి పని కలుపుతాం. మన ఉద్దేశం గర్వమే కావచ్చు. ఆ పోస్టు కింద కామెంట్లలో కులం పేరుతో ఏం రాస్తారో ఆ పిల్ల సెలవుల్లో ఇంటికెళ్ళి చదువుకుంటుంది.

అన్నం వికటించిన రోజు ఇంకా ఘోరం. ఆసుపత్రి మంచం మీద సెలైన్ ఎక్కుతున్న పిల్ల నోటి దగ్గర మైకు. ఆపదలో ఉన్న పిల్లల, బాధితులైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. పేరే కాదు, బడి కూడా బయటపెట్టకూడదు. బయటపెడితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం మన ఆసుపత్రి వార్డుల దాకా ఇంకా నడిచి రాలేదు.

దీనికే ఇంకో పార్శ్వం ఉంది. పప్పులో పురుగు వచ్చిందని పిల్లలు దొంగఫోనులో వీడియో తీసి బయటికి పంపుతారు. అది టీవీలో వస్తుంది. మరునాడు హాస్టల్లో ట్రంకు పెట్టెలన్నీ తిరగేస్తారు, వీడియో తీసింది ఎవరో తేల్చడానికి. స్టోరు గదిలో పప్పు బస్తాలు తిరగేసిన సందర్భాలు అంతకన్నా తక్కువ. కనుక ఫోను అంటే మనకున్న భయమంతా పిల్లల మంచి కోసమేనని నేను ఒప్పుకోను. ఆ భయంలో కొంత మన కోసం. పిల్లలకు ఆ తేడా స్పష్టంగా తెలుసు. అందుకే మనం భద్రత అన్నప్పుడు వాళ్ళు నవ్వుకుంటారు.

ఈమధ్య ఎక్కడికెళ్ళినా ఆస్ట్రేలియా గురించి అడుగుతున్నారు. పదహారేళ్ళ లోపు వాళ్ళకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని అక్కడ చట్టం చేశారు, 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చారు. మన దగ్గర 2023 వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన అంగీకారం ఉండాలంటుంది. మంచిదే. కానీ మన ఇళ్ళలో ఫోనులో ఏదైనా వస్తే "ఇదేంటో చూడు బిడ్డా" అని తండ్రి ఆ పిల్ల చేతికే ఇస్తాడు. అంగీకారం నొక్కే వేలు కూడా ఆ పిల్లదే. కంపెనీల మెడలు వంచే చట్టాలు కావాలి, వాటి కోసం కొట్లాడాలి. అవి వచ్చేదాకా డార్మిటరీలో ఉన్నది మనమే.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి మరణం గురించిన కేసది. వందమంది లేదా అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ వంటి సహాయ నంబర్లు హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని చెప్పింది. టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. నంబరు గోడ మీద రాయించి ఫోటో తీసి గ్రూపులో పెడతాం, అందులో అనుమానం లేదు. ఫోనే లేని పిల్ల ఆ నంబరుకు ఏ ఫోనుతో చెయ్యాలి?

నా మొదటి కోరిక అందుకే చాలా చిన్నది. వరండాలో గోడకు ఫోన్లు పెట్టండి. కొన్ని గురుకులాల్లో కార్డు పెట్టి ఇంటికి మాట్లాడుకునే ఫోన్లు వచ్చాయి. అన్నిచోట్లా రావాలి, వారానికోసారి క్యూలో నిలబడి రెండు నిమిషాలు మాట్లాడటం కాక రోజూ మాట్లాడేలా ఉండాలి, పక్కన నిలబడి ఎవరూ వినకూడదు. ఇంటి నంబర్లతో పాటు 1098, 14416 ఆ ఫోనులో ఉచితంగా కలవాలి. నవోదయలో తొమ్మిదో తరగతి పిల్లల్లో కొంతమందిని ఏడాదిపాటు వేరే భాషా రాష్ట్రానికి పంపుతారు. భాష రాని చోట ఆ పిల్లకు రాత్రి అయిదు నిమిషాలు అమ్మ గొంతు ఎంత అవసరమో వేరే చెప్పాలా? రోజూ అమ్మతో మాట్లాడే పిల్లలందరూ దొంగఫోను మానేస్తారని నేననను. "తిన్నావా" అని అడిగే అపరిచితుడి మీద ఆశ మాత్రం తగ్గుతుంది.

రెండోది, ఫోను తప్పునూ ఆపదనూ విడదీసే నియమం. ఆపదలో ఉన్నానని తనంత తానుగా వచ్చి చెప్పిన పిల్లను ఫోను వాడినందుకు శిక్షించం, టీసీ మాట ఎత్తం. ఇది నోటిమాటగా కాదు, గురుకుల సొసైటీ సర్క్యులర్‌గా రావాలి, నోటీసు బోర్డు మీద ఉండాలి, ప్రేయర్‌లో నెలకోసారి చదవాలి. క్రమశిక్షణ పోతుందని కొందరు సహోద్యోగులు నాతో వాదించారు. శిక్ష తప్పించుకోవడానికి పిల్లలు ఆపద కల్పించి చెబుతారన్నారు. చెబితే చెప్పనివ్వండి. పదిమంది అబద్ధం చెప్పి ఒక దండన తప్పించుకోవడం, ఒక్క పిల్ల నిజం చెప్పలేక బావి వైపు నడవడం, ఈ రెంటిలో నేను దేన్ని భరించగలనో నాకు తెలుసు.

మూడోది, ఎవరితో చెప్పాలన్నది. కౌన్సెలర్ వస్తే మంచిదే. వచ్చేదాకా? పిల్లలు ఎవరితో చెబుతారో మనం నిర్ణయించలేం. మన ఆర్డరులో హౌస్ టీచర్ పేరు ఉంటుంది. పిల్ల మనసులో వంటగది అక్క ఉంటుంది, లేదా ఇంజెక్షన్ నొప్పి లేకుండా ఇచ్చే ఏఎన్ఎం, లేదా ఆటల సారు. వాళ్ళకు ఏ శిక్షణా ఇవ్వలేదు. పిల్ల చెప్పిన మాట విని "ఎవరితో అనకు, పోతుందిలే" అంటారు, ప్రేమతోనే అంటారు. శిక్షణ ముందు వాళ్ళకు ఇవ్వాలి. పెద్ద మాటలు అక్కర్లేదు. మధ్యలో తిట్టకుండా వినడం, "ఎందుకు పంపావు" అని అడగకపోవడం, ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలకపోవడం, తెల్లారేలోపు ఎవరికి చెప్పాలో తెలిసి ఉండటం.

తల్లిదండ్రులొచ్చే ఆదివారం మనం మార్కుల గురించి మాట్లాడతాం, లేదా "ఫోను ఇవ్వకండి" అని ఒక్క ముక్క చెప్పి పంపుతాం. వాళ్ళు ఇస్తారు, మనకూ తెలుసు. దానికి బదులు ఇంకో రెండు ముక్కలు చెప్పొచ్చు. రాత్రి ఫోను మీరు పడుకునే చోట చార్జింగు పెట్టుకోండి. ఎవరైనా బెదిరిస్తే ముందు నాతో చెప్పు, కొట్టను అని మీ పిల్లతో సెలవుల మొదటి రోజే అనండి. రెండోది కష్టం. కొట్టనని మాట ఇవ్వమంటే కొందరు తండ్రులు తల దించుకుంటారు. మళ్ళీ మళ్ళీ అడగాలి.

కంప్యూటర్ ల్యాబుల గురించి ఒక్క మాట. తాళం తీయండి. దుమ్ము గుడ్డలు కప్పిన ఆ కంప్యూటర్ల ముందు, పగటిపూట, మన కళ్ళెదుట పిల్లలు ఇంటర్నెట్ చూడాలి. పెద్దవాళ్ళను అడగలేని ఎన్నో ప్రశ్నలకు మన పిల్లలకు దొరికే జవాబు అక్కడే ఉంది. నెలసరి గురించి, శరీరం గురించి, ఊళ్ళో ఎవరూ చదవని కోర్సుల గురించి. తన ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లకు అది ఎంత పెద్ద గ్రంథాలయమో మరిచిపోయి ప్రమాదాల జాబితా మాత్రమే చదివితే వాళ్ళు మన మాట వినరు, వినక్కర్లేదు కూడా. ఖాతాకు తాళం ఎలా వెయ్యాలో, దొంగ ఖాతా మీద ఫిర్యాదు ఎలా పెట్టాలో ఆ ల్యాబులోనే పెద్ద తరగతుల పిల్లలు చిన్నవాళ్ళకు నేర్పొచ్చు. మనకన్నా వాళ్ళకే బాగా వచ్చు.

సంక్రాంతి సెలవుల లోపు మీ హాస్టల్లో ఒక పని చేసి చూడమని అడుగుతున్నాను. ప్రతి పిల్లకూ ఒక చిన్న చీటీ ఇవ్వండి, పేరు రాయక్కర్లేదు. ప్రశ్న ఒకటే: "నీకు చెప్పుకోలేని కష్టం వస్తే ఇక్కడ ఎవరితో చెబుతావు?" చీటీలు మీరే విప్పండి, పైకి పంపకండి, ఫోటో అసలే తీయకండి. ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో ఆ మనిషి దగ్గరకు వెళ్ళి మాట్లాడండి. ఖాళీ చీటీలు ఎన్ని వచ్చాయో కూడా లెక్కపెట్టుకోండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది, ఇక ప్రశ్నలు. ముందు వరసలో ఉన్న అధికారులు దయచేసి కాసేపు ఆగండి. వెనక వరసల్లో కూర్చున్న కేర్‌టేకర్లు, ఏఎన్ఎంలు మొదట అడుగుతారు, మైకు అటు పంపండి.